డ్రూయిడ్ మాటలో ఉన్నది ఓక్ చెట్టా, చేవా?

రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో కూర్చిన ప్రకృతి విజ్ఞాన గ్రంథం పదహారో భాగంలో ఒక పూజ వర్ణన ఉంది. గాల్ దేశంలో, అంటే దాదాపు ఇప్పటి ఫ్రాన్స్‌లో, ఓక్ చెట్టు మీద మిజిల్‌టో అనే బదనిక మొలవడం అరుదు. అది కంటపడితే డ్రూయిడ్లు అనే పూజారులు చంద్రుని ఆరో రోజున, మన లెక్కలో షష్ఠి నాడు, ఆ చెట్టు కింద విందుకూ బలికీ ఏర్పాట్లు చేస్తారు. అంతవరకు కొమ్ములకు తాడు తగలని రెండు తెల్ల ఎద్దులను తోలుకొస్తారు. తెల్లబట్టలు కట్టిన పూజారి చెట్టెక్కి బంగారు కొడవలితో బదనికను కోస్తే, కిందివాళ్లు దాన్ని తెల్లగుడ్డలో పడతారు. ఇంత కళ్లకు కట్టినట్టు చెబుతూ ప్లినీ మధ్యలో ఒక చిన్న మాట జారవిడిచాడు: గ్రీకు అర్థం చెప్పుకుంటే, డ్రూయిడ్లకు ఆ పేరు కూడా ఓక్ వల్లే వచ్చిందని అనిపించవచ్చు. గ్రీకులో ఓక్‌ను ద్రూస్ అంటారు.

వచ్చిందని ఆయన అనలేదు, అనిపించవచ్చని మాత్రమే అన్నాడు. తర్వాతి వాళ్లు ఆ జంకును వదిలేసి ఓక్‌ను మాత్రం పట్టుకున్నారు. బొమ్మల కథల్లోనూ సినిమాల్లోనూ డ్రూయిడ్ కనిపిస్తే పక్కన ఓక్ చెట్టు ఉండి తీరుతుంది. ఆ మాటకు ‘ఓక్‌ను ఎరిగినవాడు’ అనే అర్థం చాలా నిఘంటువుల్లో స్థిరపడింది. అయితే గాలిష్, ఐరిష్, వెల్ష్ వంటి సెల్టిక్ భాషల పాత రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ అర్థం నిలబడే చోటు బాగా ఇరుకవుతుంది. మాట రూపం గురించి పండితులకు పెద్దగా తగవు లేదు. తగవంతా మొదటి అక్షరం ‘ద్రు’ మీదే.

రూపం సంగతి ముందు. గాల్ ప్రజలు మాట్లాడిన గాలిష్ భాషలో శాసనాలు ఉన్నాయి కానీ, వాటిలో డ్రూయిడ్ అనే మాట స్పష్టంగా దొరకలేదు. అది మనకు పరాయివాళ్ల నోట చేరింది. క్రీ.పూ. 50ల్లో గాల్‌ను జయించిన జూలియస్ సీజర్ లాటిన్‌లో ద్రుయిదెస్ అని బహువచనంలో రాశాడు. గ్రీకులు అంతకు ముందే ద్రుయిదాయ్ అన్నారు. అటు ఐర్లండ్‌లో, క్రైస్తవ మఠాల్లో రాసిన పాత ఐరిష్ ప్రతుల్లో ద్రుయీ అనే రూపం ఉంది. దాని షష్ఠీ విభక్తి ద్రుఅద్. అంటే ‘డ్రూయిడ్’ ఒక రకంగా, ‘డ్రూయిడ్ యొక్క’ మరో రకంగా ఉంటుంది. ప్రథమా విభక్తిలో చివరి దకారం అరిగిపోయింది, షష్ఠిలో మిగిలింది. ఐరిష్‌లో అచ్చుల మధ్య వకారం నిలవదన్న సూత్రాన్ని దీనికి కలిపి వెనక్కి నడిస్తే *ద్రువిద్- అనే ప్రాతిపదిక వస్తుంది. సీజర్ విన్న రూపం కూడా దీనితో చక్కగా అతుకుతుంది. మాట ముందున్న నక్షత్రపు గుర్తుకు అర్థం ఒక్కటే: ఇది ఎక్కడా రాతలో దొరికింది కాదు, పిల్ల భాషల సాక్ష్యం నుంచి పండితులు తిరిగి కట్టినది. 19వ శతాబ్దంలో ఆగస్ట్ ష్లైషర్ అనే జర్మన్ భాషావేత్త వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ఈ కట్టడానికి బలమైన దన్ను ఐరిష్‌లోనే మరో రెండు మాటలు ఇస్తున్నాయి. సుయీ అంటే పండితుడు. దుయీ అంటే మూఢుడు. వీటి షష్ఠీ రూపాలు సుఅద్, దుఅద్. మూడూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కాబట్టి మూలరూపాలను *సు-విద్-, *దు-విద్-, *ద్రు-విద్- అని కడతారు. సంస్కృతం చెవినపడిన తెలుగువాడికి ఇక్కడ వివరణ అక్కరలేదు. సుగుణం, దుర్గుణం అన్నప్పుడు వినిపించే సు, దుర్ ఇవే. విద్ అంటే ఎరగడం. విద్య, వేదం, విద్వాంసుడు అన్నీ ఆ ధాతువు పిల్లలే. బాగా ఎరిగినవాడు సుయీ, సరిగా ఎరగనివాడు దుయీ. మరి ద్రుయీ ఎలా ఎరిగినవాడు? లేక దేన్ని ఎరిగినవాడు?

తగవు మొదలయ్యేది సరిగ్గా ఈ రెండు ప్రశ్నల మధ్యనే. సమాసంలో మొదటి పదం ‘దేన్ని’ అన్నదానికి జవాబైతే అది వేదవిద్, ధర్మవిద్ లాంటి సమాసం. అప్పుడు ద్రు అనేది ఎరగబడే వస్తువు కావాలి. ‘ఎలా’ అన్నదానికి జవాబైతే సువిద్ లాంటి సమాసం. అప్పుడు ద్రు ఒక విశేషణం, ‘గట్టిగా’ అనో ‘మిక్కిలి’ అనో చెప్పేది. రెండు రకాల సమాసాలూ సంస్కృతం, గ్రీకు, సెల్టిక్ చేరిన ఇండో యూరోపియన్ భాషా కుటుంబానికి సహజమే కనుక వ్యాకరణం ఎటూ తీర్పు చెప్పదు.

వస్తువే అనుకుంటే ఏ వస్తువు? ఓక్ అనడానికి ఆధారం ప్లినీ చూపిన గ్రీకు మాట. అయితే గ్రీకులోనే ద్రూస్ మొదట ఏ చెట్టుకైనా చెల్లిన పేరని ప్రాచీన వ్యాఖ్యాతలు హోమర్ కావ్యానికి టీక రాస్తూ చెప్పారు. హోమర్‌లో ద్రుతోమోస్ అంటే అడవిలో కట్టెలు కొట్టేవాడు, ఓక్ చెట్లను మాత్రమే ఏరి కొట్టేవాడు కాడు. మిగతా బంధుభాషల్లో సంగతి ఇంకా స్పష్టం. సంస్కృతంలో ద్రుమం చెట్టు, దారువు కొయ్య, దేవదారు దేవతల కొయ్య. ఇప్పటి టర్కీ నేల మీద ప్రాచీన కాలంలో మాట్లాడిన హిట్టైట్ భాషలో తారు అంటే కొయ్య. ఇంగ్లిష్‌లో ట్రీ. ద్వి టూ అయినట్టు, దశ టెన్ అయినట్టు, ద్రు ట్రీ అయింది. అర్థం ఓక్ దగ్గర ఆగింది గ్రీకులో, ఆ పైన సెల్టిక్‌లో కొంతమేరకు. సెల్టిక్ భాషల్లో ఓక్‌కు ఈ ధాతువు నుంచే పేరు వచ్చిన మాట నిజమే. ఐరిష్‌లో దైర్, వెల్ష్‌లో దెర్వ్. ఐర్లండ్‌లోని డెర్రీ నగరం పేరుకు అర్థం ఓక్ తోపు. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు దగ్గరి చర్చి. కానీ ఈ పేర్లలో ఎక్కడా ధాతువు ‘ద్రు’ రూపంలో లేదు. *దరు-, *దెర్వో- రూపాల్లో ఉంది. సెల్టిక్‌లో ద్రు అనే పొట్టి రూపం ఒంటరిగా ఓక్‌ను చెప్పిన దాఖలా కనబడదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డ్రూయిడ్ల గురించి అందరికంటే ఎక్కువ రాసిన సీజర్, వాళ్ల వర్ణనలో ఓక్ ఊసే ఎత్తలేదు. వాళ్లు తగవులు తీరుస్తారు, ఆత్మ ఒక శరీరం నుంచి మరో శరీరానికి పోతుందని బోధిస్తారు, నక్షత్రాల గతి గురించి చర్చిస్తారు, కొందరు ఇరవై ఏళ్ల పాటు గురువు దగ్గరే ఉండి పద్యాలు కంఠస్థం చేస్తారు, ఆ విద్యను రాతలో పెట్టడం తప్పని భావిస్తారు అని చెప్పాడు. సీజర్ చూపించే డ్రూయిడ్ చెట్టెక్కే పూజారి కంటే మన ఘనపాఠికి దగ్గర. ఐరిష్ కథల్లోనూ వాళ్ల చేతిలో ఉండేది ఓక్ కొమ్మ కాదు. ఎత్తుకుపోయిన రాణిని వెతికే ఒక కథలో దల్లాన్ అనే డ్రూయిడ్ నాలుగు యూ చెట్టు పుల్లలు కోసి, వాటి మీద ఓగమ్ అనే పాత ఐరిష్ గీతల లిపి చెక్కి ఆమె జాడ కనిపెడతాడు.

ఇప్పుడు రెండో వైపు. ఈ ధాతువుకు చెట్టు ఒక్కటే అర్థం కాదు. ఇంగ్లిష్‌లో ట్రీ పక్కనే ట్రూ ఉంది. సంస్కృతంలో దారువు పక్కన దారుణం ఉంది. తెలుగులో దారుణం అంటే ఘోరం అనే అర్థం మిగిలింది గానీ సంస్కృతంలో దాని మొదటి అర్థం కఠినమైనది, మెత్తనిది కానిది. 1901లో హెర్మన్ ఓస్ట్‌హాఫ్ అనే జర్మన్ పండితుడు ఓక్‌కూ విశ్వాసానికీ మధ్య బంధం గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆయన లెక్కలో మొదట ఉన్నది ఓక్. దాని గట్టిదనం నుంచి స్థిరత్వం, నమ్మకం, నిజం అనే అర్థాలు పుట్టాయి. 1954లో ఎమిల్ బెన్‌వెనిస్త్ అనే ఫ్రెంచ్ భాషావేత్త ఈ బండిని తిరగేశాడు. ఓక్ అనే అర్థం గ్రీకు, సెల్టిక్ వంటి కొన్ని చోట్లకే పరిమితం, గట్టిదనం అనే అర్థం అన్ని దిక్కులా పరుచుకుని ఉంది, కాబట్టి ముందున్నది గట్టిదనమే, గట్టిగా నిలబడేది కనుక చెట్టుకు ఆ పేరు వచ్చింది అన్నాడు.

ఏది ముందన్నది పక్కన పెడితే, కొయ్యకూ బలానికీ ఒకే మాట ఉండటంలో తెలుగువాళ్లకు వింత ఏమీ తోచదు. మనకు చేవ ఉంది. వడ్రంగి నోట చేవ అంటే మానులో బెరడుకూ మెత్తని పొరకూ లోపల ఉండే ముదురు రంగు గట్టి భాగం. చేవలేని కర్ర ద్వారబంధానికి పనికిరాదు. అదే మాట మనిషికి వాడితే సత్తా. ‘వాడికి చేవ లేదు’ అన్నప్పుడు చెట్టు ఎవరి మనసులోనూ మెదలదు. పండితుణ్ణి మెచ్చుకోవడానికి ‘గట్టివాడు’ అంటాం. ద్రు కూడా ఇలాంటిదే అయితే *ద్రువిద్- అంటే గట్టిగా ఎరిగినవాడు, చేవగల జ్ఞాని. పాత ఐరిష్ వ్యాకరణాన్ని 1909లో క్రోడీకరించిన రుడాల్ఫ్ థర్నీసెన్ మొగ్గు ఈ వైపే.

ఈ పక్షానికి అన్నిటికంటే మంచి సాక్ష్యం ఐరిష్ బంధువాచకాల్లో ఉందనిపిస్తుంది. పాత ఐరిష్‌లో దెర్బ్ అంటే నిశ్చయమైనది, నిజమైనది. ఈ దెర్బ్, వెల్ష్‌లో ఓక్ అనే అర్థమిచ్చే దెర్వ్ రెండూ ఒకే మూలరూపానికి, *దెర్వో-కు, చేరతాయి. ఒకే రూపం ఒక చెల్లెలి ఇంట్లో నిజం, మరో చెల్లెలి ఇంట్లో ఓక్ అయింది. పాత ఐరిష్‌లో సోదరుణ్ణి బ్రాథిర్ అంటారు. అయితే మఠంలో తోటి సన్యాసి కూడా సోదరుడే కాబట్టి, రక్తసంబంధం ఉన్నవాణ్ణి వేరు చేయడానికి దెర్బ్ చేర్చి దెర్బ్రాథిర్ అన్నారు. మనం సొంత అన్న, తోడబుట్టిన తమ్ముడు అన్నట్టే. నేటి ఐరిష్‌లో అన్నదమ్ములను చెప్పే మాట దీని నుంచి వచ్చిందే. దీన్ని ఎవరూ ‘ఓక్ అన్న’ అని అనువదించరు. డ్రూయిడ్‌ను మాత్రం ఓక్ జ్ఞాని అని అనువదిస్తూనే ఉన్నారు.

అలాగని చెట్టును పూర్తిగా నరికేయడానికీ వీల్లేదు. ద్రు అనే పొట్టి రూపం సమాసంలో మొదట వచ్చినప్పుడు సంస్కృతంలో దాదాపు ఎప్పుడూ కొయ్యనే చెబుతుంది. ఋగ్వేదంలో శునఃశేపుణ్ణి కట్టింది మూడు ద్రుపదాలకు, అంటే కొయ్య స్తంభాలకు. ద్రౌపది తండ్రి పేరులో ఉన్నది ఆ మాటే. ద్రుఘణం కొయ్య గద. గ్రీకు ద్రుతోమోస్‌లో కూడా కొయ్యే. కాబట్టి రూపాన్ని బట్టి చూస్తే ‘చెట్టును ఎరిగినవాడు’ అన్నది తేలికైన దారి, ‘గట్టిగా ఎరిగినవాడు’ కొంత ఎగుడుదిగుడు దారి. దానికి తోడు సెల్టిక్ భాషల్లో చెట్టుకూ జ్ఞానానికీ ఒక శబ్దశ్లేష ఉంది. *విద్- అంటే ఎరగడం, *విదు- అంటే కొయ్య, చెట్టు. ఐరిష్‌లో చెట్టును ఫిద్ అంటారు. ఓగమ్ లిపిలో అక్షరానికీ అదే పేరు. పుల్ల మీద గీసిన గీత అక్షరం, అక్షరం పేరు చెట్టు, చెట్టు పేరు జ్ఞానంలా వినిపిస్తుంది. ధాతువులు వేరే అయినా, మాట్లాడేవాళ్ల చెవి ధాతుపాఠం చదవదు.

చెవి చేసే ఈ పని ఎంత దూరం పోగలదో వెల్ష్ చూపిస్తుంది. ఆ భాషలో డ్రూయిడ్‌కు దెర్విద్ అనే మాట ఉంది. ఓక్ పక్షంవాళ్లు దీన్ని ఉత్సాహంగా చూపిస్తారు, ఎందుకంటే అందులో దెర్వ్ పైకే కనిపిస్తోంది. కానీ *ద్రువిద్- నుంచి వెల్ష్ ధ్వని సూత్రాల ప్రకారం దెర్విద్ రాదు. వెల్ష్‌కు దగ్గరి చుట్టమైన పాత బ్రెటన్ భాషలో జోస్యం చెప్పేవాడికి దోర్గ్విద్ అనే మాట ఉంది. దాన్ని బట్టి దెర్విద్ మూలంలో ముందుగా ఎరిగినవాడు అనే అర్థమిచ్చే వేరే ఉపసర్గలు ఉన్నాయని, తర్వాత దెర్వ్ పోలిక దాన్ని తనవైపు లాక్కుందని ఒక వివరణ ఉంది. ఇది నమ్మదగినదే. తెలుగు అన్న పేరుకు త్రిలింగం మూలమని, శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం అనే మూడు శివక్షేత్రాల నడుమ నేల కాబట్టి అలా వచ్చిందని మనం శతాబ్దాలుగా చెప్పుకోవడం లేదూ? తెలుంగు అనే దేశిమాటకు తర్వాత తొడిగిన సంస్కృత వేషం అది అని భాషావేత్తల్లో ఎక్కువమంది అంటారు. పేరుకు గౌరవనీయమైన అర్థం దొరికితే జనం దాన్ని వదులుకోరు, పండితులు అసలే వదులుకోరు. ఐర్లండ్‌లో 900 ప్రాంతపు ఒక నిఘంటువు ద్రెయన్ అనే చిట్టి పిట్ట పేరును విడదీసి ‘ద్రుయీ-ఏన్’, అంటే డ్రూయిడ్ పిట్ట, అని వ్యుత్పత్తి చెప్పింది. వెల్ష్‌లో ద్రియు అనే ఒకే మాట ఆ పిట్టకూ జోస్యం చెప్పేవాడికీ చెల్లుతుంది. ముచ్చటైన పోలిక. దాని మీద మాత్రం ఏమీ కట్టలేం.

తెలుగు పాఠకులకు ఎదురయ్యే మరో వ్యుత్పత్తి గురించి కూడా చెప్పాలి. డ్రూయిడ్లు అంటే ద్రావిడులేనని, లేదా బ్రాహ్మణులేనని వాదించేవాళ్లు ఉన్నారు. ఇది కొత్తది కాదు. గణితజ్ఞుడు రూబెన్ బరో 1790లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలోనే బ్రిటన్ డ్రూయిడ్లు బ్రాహ్మణులని, అందులో సందేహానికి తావే లేదని రాసేశాడు. సందేహానికి తావు చాలానే ఉంది. ద్రవిడ అన్న మాట వెనుక ఉన్నది తమిళ్ అనే పేరే. పాలీలో దమిళ, సంస్కృతంలో ద్రమిళ, ద్రవిడ అయింది. తమిళంలో గానీ పాలీలో గానీ దకారం కింద రకారం లేదు. అది సంస్కృతంలోకి వచ్చాక చేరిన అలంకారం. అంటే రెండు మాటలనూ ఒకటిలా వినిపించేట్టు చేస్తున్న ‘ద్ర’ అసలు మాటలో లేనేలేదు. వేదవిద్‌కూ ద్రువిద్‌కూ నిజమైన చుట్టరికం ఉంది. అది విద్ అనే ధాతువు వరకే. అంతకు మించి మనుషుల వలసలను ఆ చుట్టరికం మీద కట్టకూడదు.

డ్రూయిడ్ల వ్యవస్థ సెల్టులకంటే ముందు ఆ నేల మీద ఉన్నవాళ్లదని సెల్టిక్ భాషల పండితుడు జూలియస్ పొకోర్నీ వాదించాడు. వాదన నిజమైనా కాకపోయినా అది మాట గురించి కాదు, వ్యవస్థ గురించి. మాట మాత్రం ఏ రకంగా విడదీసినా ఇండో యూరోపియన్ ముక్కలతోనే తయారైంది.

అర్థం మీద తగవు ఎలా ఉన్నా, మాట ప్రయాణం మాత్రం ఆగలేదు. ఐరిష్ మఠాల్లో 8వ శతాబ్దపు సన్యాసులు పౌలు లేఖలకు అంచుల్లో వ్యాఖ్యలు రాస్తూ, మోషేను ఎదిరించిన ఫరో మాంత్రికులను ‘ఇద్దరు ఈజిప్టు డ్రూయిడ్లు’ అన్నారు. ఐర్లండ్ నుంచి పాత ఇంగ్లిష్‌లోకి వెళ్లిన రూపానికి మాంత్రికుడు అనే అర్థం ఒక్కటే మిగిలింది. ఐర్లండ్‌కూ బ్రిటన్‌కూ నడుమ ఉన్న మాన్ ద్వీపంలో దొరికిన ఒక ఓగమ్ రాతి మీద ‘దొవైదోనా మకీ ద్రోఆతా’ అని చెక్కి ఉంది. ఫలానావాడు, ద్రోఆతా కొడుకు అని అర్థం. ఆ ద్రోఆతాను డ్రూయిడ్ అనే మాటకు షష్ఠీ విభక్తిగా చదువుతారు. తండ్రి ఏ చెట్టును పూజించాడో రాయి చెప్పదు.

తీర్పు రావాలంటే ద్రు మొదట ఉన్న మరో పాత సెల్టిక్ సమాసం కావాలి, అర్థం సందర్భాన్ని బట్టి తేలిపోయేది. అలాంటిది ఒకటుంది, తేలనిది మాత్రం అర్థమే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఇప్పటి టర్కీ నడిబొడ్డుకు వలసపోయిన గలాతియన్లు అనే సెల్టుల సభాస్థలి పేరు ద్రునెమెతోన్. నెమెతోన్ అంటే పవిత్ర స్థలం, దేవతావనం. ఓక్ వనమా, చెట్ల నడుమ గుడా, మహాక్షేత్రమా అన్నది సరిగ్గా డ్రూయిడ్ విషయంలో వచ్చిన చిక్కే. ఆ చోటు ఎక్కడుందో కూడా ఖాయంగా గుర్తించలేదు. మనకు ఆ పేరు అందించిన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో, మూడు వందల మంది అక్కడ సమావేశమై హత్య నేరాల మీద తీర్పు చెప్పేవారని రాశాడు. అక్కడ చెట్లు ఉన్నాయని ఆయన చెప్పలేదు, లేవనీ చెప్పలేదు.